ఇల్లు కొనడానికి ఇది సమయం కాదు

మఖ కార్తె

ఈ ఉదయం మా ఇంటి వెనక గదిలో ఉండే ఓనరమ్మగారు వచ్చి, ఇల్లు వెళ్ళిపోతోందని చెప్పారు.

ఇల్లు ఖాళీ చెయ్యమనడం వేరు, ఇల్లే వెళ్ళిపోవడం వేరు. మొదటిదైతే బతిమాలుకోవచ్చు, గడువు అడగవచ్చు. రెండోదానికి ఏమని గడువు అడుగుతాం? లాగుడు పడవ వస్తుంది, నీళ్ళలో పాతిన గుంజకు కట్టిన తాళ్ళు విప్పుతారు, నా పడకగదీ వంటగదీ ముందుగదీ వరసగా భీమిలి వైపు ప్రయాణం కడతాయి.

"మా చెల్లెలు ఒక్కత్తే ఉంటంది బాబూ అక్కడ. నాకు మాత్రం ఇక్కడెవరున్నారు? ఇంటిని తీసుకెళ్ళి దాని పక్కన కట్టించేసుకుంటాను. దసరా ఎల్లాక పడవోళ్ళు వత్తామన్నారు," అన్నారు అచ్చాయమ్మగారు. నా మొహం చూసి జాలేసిందేమో, "కావాలంటే మీరూ వచ్చెయ్యండి, ఇంటితోపాటు," అని కూడా అన్నారు.

వెళ్ళలేం. ఈ లంకలపేట మొత్తానికి కానుపులు చేసే నర్సు నా భార్య తాయారు ఒక్కతే. ఒకప్పటి కొబ్బరితోటల మీద తేలుతున్న పేట ఇది. నీరు తేరుకున్న రోజున వంటగది కిటికీలోంచి వంగి చూస్తే కింద చెట్ల మొదళ్ళు కనిపిస్తాయి. నేను ఉప్పునీళ్ళను మంచినీళ్ళుగా మార్చే కేంద్రంలో షిఫ్టు ఇన్‌చార్జిని. పేటలో సొంత ఇల్లున్నవాళ్ళకే గుంజ ఇస్తారు. అద్దె ఇళ్ళు వేరే లేవు. ఇల్లు లేనివాళ్ళు గట్టు మీద బ్యారక్‌లకు పోవాలి. అక్కణ్ణించి పేటకు రావాలంటే సముద్రం పోటు, పాటు చూసుకుని పడవెక్కాలి. నొప్పులు పోటూ పాటూ చూసుకుని రావు కదా.

తాయారు నావైపు చూసింది, అంతే. ఆ చూపు నాకు పాత పరిచయం. పెళ్ళయిన ఏడాది ఇల్లు కొందామంది. ధరలు ఎక్కువున్నాయి, పడతాయి, ఆగుదామన్నాను. మరుసటేడు పడ్డాయి. పడుతున్నాయంటే ఇంకా పడతాయి, ఆగుదామన్నాను. ఆ పై ఏడు పెరిగాయి. పెరిగినవి పడక తప్పదు, ఆగుదామన్నాను. ఇలా ఆరేళ్ళు గడిచాయి. ఇళ్ళ ధరలు నాకు తెలిసినంతగా ఈ పేటలో ఇంకెవరికీ తెలియదు. ఇల్లు మాత్రం నాకు తప్ప అందరికీ ఉంది.

కేంద్రంలో పంపు తిరిగినా ఆగినా చిట్టాలో రాయాలి. ఇంటి సంగతి కూడా అలాగే రాసుకుంటూ పోతే నిర్ణయం తొందరగా తేలుతుందనిపించి ఇవాళ ఇది మొదలుపెట్టాను. ఇవాళ మొదలుపెట్టాలా, రేపా అన్నది సాయంత్రానికి తేలింది.

పుబ్బ కార్తె

దొరబాబుగారి ఇల్లు చూశాం. మా వరసలోనే, నాలుగు గుంజల అవతల. ఆయనకు సముద్రం మీద గాలిమరల దగ్గర ఉద్యోగం వచ్చింది. ఇల్లు అమ్మేసి వెళ్ళిపోతున్నాడు.

రెండు గదులు, ఓ వంటగది, చుట్టూ వసారా. వసారాలో పీపాలో బొప్పాయి చెట్టు. నేను గోడల మీద వేలితో కొట్టి చూశాను. ఏం వినిపించాలో నాకు తెలియదు. అయినా ప్రతి గోడా కొట్టాను. కొట్టినప్పుడల్లా "ఊఁ" అన్నాను.

"ఉత్తరం పక్కకి కొంచెం ఒరుగుద్దండి," అన్నాడు దొరబాబు తనంతట తనే. "దాచడం దేనికి? మా ఆవిడ ఉన్నన్నాళ్ళూ దక్షిణం గోడ పక్కన ఆవిడ మంచం ఉండేది. అప్పుడు సమంగానే ఉండేదండి."

అడుగున ఇంటిని తేల్చే పీపాలు ఎన్నేళ్ళవని అడిగాను. ఆరేళ్ళుగా ధరల మీద పట్టు సాధించిన మనిషి అడగాల్సిన ప్రశ్నే అది.

తాయారు ముందుగదిలో చేతులు చాపి నిలబడి ఉంది. "ఇక్కడ మంచం. ఇక్కడ తెర. ఈ మూల నీళ్ళ పొయ్యి," అంటోంది. నాతో కాదు, దొరబాబుతోనూ కాదు. గదితో చెబుతోంది. తర్వాత వెళ్ళి దక్షిణం గోడ పక్కన కాసేపు నిలబడింది. తను మరీ బరువైన మనిషి కాదు గానీ, ఇల్లు కొంచెం సర్దుకున్నట్టే అనిపించింది నాకు.

"ఆలోచించి చెప్తానండి," అన్నాను దొరబాబుతో.

"ఆయ్, తప్పకుండా ఆలోచించండి. చిత్త కార్తె లోపు నేను బయల్దేరాల," అన్నాడు. పేటలో నా సంగతి తెలియనివాళ్ళు లేరు. పాపం, మర్యాదస్తుడు కాబట్టి నవ్వలేదు.

ఉత్తర కార్తె

జోస్యం యంత్రాన్ని అడిగాను. నెలనెలా చందా కడుతున్నాను దానికి. ప్రపంచంలోని అన్ని సముద్రాల మట్టాలూ, అన్ని ఇళ్ళ బేరాలూ దానికి తెలుసు. గొంతు కూడా పురోహితుడి గొంతులా నిండుగా ఉంటుంది.

"ప్రస్తుత పరిస్థితుల్లో కొనడం లాభదాయకం కావచ్చు," అంది. నేను లేచి నిలబడ్డాను. "వేచి చూడడం అంతకంటే లాభదాయకం కావచ్చు," అంది. కూర్చున్నాను.

కేంద్రంలో నాతో పనిచేసే శేషావతారం ఇంకో కబురు చెప్పాడు. వచ్చే ఏడు మునిగే ఇళ్ళు వస్తాయట. తుఫాను హెచ్చరిక రాగానే ఇల్లు తలుపులన్నీ మూసుకుని, తనంతట తనే నీళ్ళ కిందికి దిగి, గాలి పోయేదాకా అక్కడే కూర్చుంటుందట. అవి వస్తే తేలే ఇళ్ళను అడిగేవాడుండడు. "ఇప్పుడు కొన్నోడంత తెలివితక్కువోడు ఉండడు గురూ," అన్నాడు. ఇన్నాళ్ళూ ఆగినందుకు ఒక కారణం దొరికింది.

ఇంటికొచ్చి తాయారుకు వివరంగా చెప్పాను. ఆమె బియ్యం ఏరుతూ విన్నది.

"మునగడానికి డబ్బులిచ్చి కొనుక్కోవాలేంటండీ?" అంది.

సాయంత్రం సూరమ్మ వచ్చింది. పేట పెద్ద తాతారావుగారి కోడలు. మొదటి కాన్పు. మొగుడు వేటకని దూరం సముద్రం పోయాడు, ఎప్పటికి తిరిగొస్తాడో తెలియదు. తాయారు పరీక్ష చేస్తున్నంతసేపూ తెరకు ఇవతల నేను టీ తాగుతున్నాను. ఆ పిల్ల అడగడం వినిపించింది: "అమ్మా, ఈ ఇల్లు ఎల్లిపోతందంట కదా. నా కానుపు యేళకి మీరు ఉంటారా?"

"ఆయన్నడుగు," అంది తాయారు.

తెర పక్కకు జరిగింది. ఆ పిల్ల నిజంగానే నావైపు చూసింది. నేను టీ గ్లాసులోకి చూశాను. అందులో సమాధానం లేదు. అడుగున కాస్త పంచదార ఉంది.

హస్త కార్తె

దొరబాబు దగ్గరకు వెళ్ళాను, ఇంకొక్క వారం అడుగుదామని. గుమ్మంలోనే చెప్పాడు, ఇల్లు అమ్మేశానని.

నిజం రాయాలి. ముందు నాకు కలిగింది బాధ కాదు, హాయి. ఇక నిర్ణయించాల్సింది ఏమీ లేదన్న హాయి. పరీక్ష రోజున బడికి సెలవిచ్చినట్టు. ఆ హాయి వసారా చివరిదాకా నడిచేంతసేపు ఉంది. అక్కడ బొప్పాయి చెట్టు దగ్గరకు వచ్చేసరికి, చేతులు చాపి నిలబడ్డ తాయారు గుర్తొచ్చింది. కాళ్ళు ఆగిపోయాయి. వెనక్కి తిరిగి, "ఎవరు కొన్నారండీ?" అన్నాను.

దొరబాబు బుర్ర గోక్కున్నాడు. "తవరికి తెలీదా అండి?"

"తెలీదు."

"అయితే మీ ఇంట్లో అడగండి. నన్నిందులోకి లాగకండి, మీకు దండం పెడతాను."

ఇంటికొచ్చేసరికి తాయారు చీర మడతపెడుతోంది. అడిగాను.

"కొన్నది నేనే," అంది. తను దాచుకున్నది, పేట ఆడవాళ్ళ చీటీ పాడగా వచ్చింది కలిపి బయానా ఇచ్చిందట. మిగిలింది వాయిదాల మీద.

"నాతో ఒక్క మాట చెప్పొచ్చు కదా?"

"చెప్తే ఏమంటారు?"

నేను నోరు తెరిచాను. నోట్లో సిద్ధంగా ఉన్న మాట ఒక్కటే: 'ఆలోచిద్దాం.' నోరు మూసుకున్నాను.

"మిమ్మల్ని చిన్నబుచ్చాలని కాదండి," అంది తాయారు. మడతపెట్టిన చీరనే విప్పి మళ్ళీ మడతపెడుతోంది. "నాకూ భయంగానే ఉంది. మీరు చెప్పేవన్నీ నిజమే కావచ్చు. కానీ ఆ పిల్ల అడిగినప్పుడు నా దగ్గర జవాబు లేదు. అలా ఇంకోసారి నిలబడలేను."

నేను అలిగాను. అలిగి వెళ్ళిపోవడానికి ఇంకో ఇల్లు లేదు. ఉన్నది ఒకటి భీమిలి వెళ్ళిపోతోంది, రెండోది మా ఆవిడది. వసారాలో కూర్చుని అలిగాను. కాసేపటికి ఆవిడే అన్నం కలిపి పట్టుకొచ్చింది. గోంగూర పచ్చడి. అలక మీద ఉన్నవాడికి పెట్టాల్సిన వంటకం కాదది. రెండోసారి కూడా వేయించుకున్నాను.

చిత్త కార్తె

పాలు పొంగించాం. ఇల్లు ఒరిగి ఉండడం వల్ల పాలన్నీ ఉత్తరం వైపుకే పొంగాయి. ఉత్తరం కుబేరస్థానం కాబట్టి శుభమేనని అచ్చాయమ్మగారు తేల్చారు. దక్షిణం గోడకు మా బీరువా, కాన్పుల మంచం పెట్టాక ఇల్లు చాలావరకు నిటారుగా నిలబడింది.

మేం దిగిన వారానికే మునిగే ఇళ్ళ ప్రకటన వచ్చింది. తేలే ఇళ్ళ ధరలు ఒక్కసారిగా పడ్డాయి. నా జీవితంలో నా అంచనా ఇంత గట్టిగా నిజం కావడం అదే మొదటిసారి. కేంద్రం నుంచి పడవ దిగుతూనే పరిగెత్తాను. పలకల వంతెన మీద పరిగెత్తకూడదు, అయినా పరిగెత్తాను.

"తాయారూ, పడ్డాయి! నేను చెప్పలేదూ?"

ఆమె కుడుతున్న దారం వేళ్ళ మధ్య పట్టుకుని నన్ను నిదానంగా చూసింది. "అయితే చౌకే కదా. ఇంకోటి కొందామా?"

ఆరేళ్ళు ఎదురుచూసిన విజయం అది. ఎవరికి చెప్పుకోవాలో తెలియలేదు. జోస్యం యంత్రానికి చెప్పాను. "అభినందనలు" అంది.

మేం ఖాళీ చేసిన అచ్చాయమ్మగారి ఇల్లు ఇంకా వరస చివరనే ఉంది. సముద్రం బాగాలేదని లాగుడు పడవ వాళ్ళు వాయిదా మీద వాయిదా వేస్తున్నారు. ఆవిడ సామానంతా మూటగట్టుకుని, మూటల మధ్య ఒక్కరే కూర్చుంటున్నారు.

స్వాతి కార్తె

తుఫాను వెళ్ళాక రాస్తున్నాను.

తెల్లవారగానే మైకులో హెచ్చరిక మొదలైంది. అందరూ గట్టు మీద షెల్టర్‌కు పోవాలి. ప్రతి ఇంటికీ రెట్టింపు తాళ్ళు కట్టాలి. తాడు తెగి కొట్టుకొచ్చే ఇంటికి ఎవరూ తాడు వెయ్యకూడదు. వేస్తే రెండిళ్ళ బరువుకు గుంజ ఊడుతుంది, రెండూ పోతాయి. ఈ ఆఖరి మాట తాతారావుగారు మూడుసార్లు చెప్పాడు.

సూరమ్మకు అప్పటికే నొప్పులు మొదలై మా ముందుగదిలో ఉంది. ఆ కెరటాల్లో ఆమెను పడవ ఎక్కించడం కుదరదంది తాయారు. మిగతావాళ్ళను గట్టుకు చేర్చి తిరిగి వస్తానని తాతారావుగారు వెళ్ళాడు. గాలి ఆయన్ని మళ్ళీ రానివ్వలేదు.

"నేనుంటాను. మీరెళ్ళండి," అంది తాయారు నాతో.

నిన్నొదిలి వెళ్ళనని చెప్పానని రాస్తే బాగుంటుంది. వెళ్ళాలా, ఉండాలా అని నేను ఆలోచిస్తుండగా ఆఖరి పడవ వెళ్ళిపోయింది.

వసారాలో నడుముకు తాడు కట్టుకుని గుంజను కనిపెట్టి కూర్చున్నాను. వాన అడ్డంగా కొడుతోంది. లోపల్నించి సూరమ్మ కేకలు, తాయారు గొంతు, మళ్ళీ కేకలు. అప్పుడు కనబడింది అచ్చాయమ్మగారి ఇల్లు. వరస చివరి నుంచి తెంచుకుని, మెల్లగా చుట్టూ తిరుగుతూ, దారి తప్పిన ఏనుగులా వస్తోంది. షెల్టర్‌కు వెళ్ళిపోయారనుకున్నాం. ఆవిడ వెళ్ళలేదు. గుమ్మంలో ద్వారబంధాన్ని వాటేసుకుని నిలబడి ఉన్నారు.

చుట్టచుట్టిన తాడు చేతిలోకి ఎప్పుడు తీసుకున్నానో తెలియదు. ఆవిడ చూశారు.

"తాడెయ్యకు బాబూ!" అని అరిచారు. "లోపల పిల్ల ఉంది! ఎయ్యకు!"

వేశాను.

మొదటిసారి అందలేదు. రెండోసారి తాడు ఉచ్చు ఆవిడ వసారా స్తంభానికి పడింది. ఆవిడ దాన్ని పట్టుకోలేదు. నేనే లాగి రెండో కొస మా గుంజకు బిగించాను. ఇల్లు గిర్రున తిరిగి వచ్చి మా ఈశాన్యం మూలను గుద్దింది. కర్రలు విరిగిన చప్పుడు. లోపల గిన్నెలన్నీ కిందపడ్డ చప్పుడు. మా గుంజ మూలుగుతూ పక్కకు వంగడం కళ్ళారా చూశాను. ఎవరైనా ఆలోచించాల్సింది ఇలాంటప్పుడేనని అప్పుడు తట్టింది.

తలుపు తెరుచుకుని తాయారు వచ్చింది. మోచేతులదాకా తడి. గుంజను చూసింది, ఆ ఇంటిని చూసింది, నన్ను చూసింది. మూలనున్న ఇంకో తాడు తీసి మా ఇంటి దూలానికి కట్టి, రెండో కొసకున్న ఉచ్చు పక్కింటి గుంజకు విసిరి బిగించింది. "తొందరగా దింపండి ఆవిణ్ణి," అని లోపలికి వెళ్ళిపోయింది.

రెండిళ్ళ మధ్య సందు తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంది. మూసుకున్నప్పుడు చేతులు చాపి అచ్చాయమ్మగారిని రెండు రెక్కలూ పట్టి లాగాను. ఇద్దరం వసారాలో పడ్డాం. ఆవిడ లేచి కూర్చుని, వెనక్కి తిరిగి తన ఇంటిని ఒకసారి చూసుకున్నారు. ముగ్గులేసిన గుమ్మం, మూటలు, భీమిలి ప్రయాణం, అన్నీ అందులోనే ఉన్నాయి.

"కోసెయ్ బాబూ," అన్నారు.

నేను తాడు వైపే చూస్తున్నాను. ఆవిడే నా మొలలో ఉన్న కత్తి లాగి తాడు కోసేశారు. ఇల్లు దక్షిణానికి పోయి కొబ్బరి మొదళ్ళకు కొట్టుకుంది. కాసేపు పైకప్పు కనిపించింది. తర్వాత అదీ కనిపించలేదు.

ఆవిడ ఏడవలేదు. "నీళ్ళు కాచాలా?" అంటూ లోపలికి వెళ్ళారు. గాలి తగ్గుముఖం పట్టేసరికి సూరమ్మకు ఆడపిల్ల పుట్టింది. పిల్ల ఏడుపు గాలికంటే పెద్దగా వినిపించింది.

ఇళ్ళ ధర పడుతుందని నేను చెబుతూనే ఉన్నాను. మా ఇంటి ధర ఎంత పడిందో ఇప్పుడు చూసుకోవచ్చు. ఈశాన్యం మూల లేని ఇంటిని ఈ దేశంలో ఎవడు కొంటాడు?

విశాఖ కార్తె

తాతారావుగారు వచ్చాడు. విరిగిన మూల చూశాడు, వంగిన గుంజ చూశాడు. తర్వాత నా ఎదుట కూర్చున్నాడు.

"మైకులో నేను చెప్పింది ఇనబడిందా?"

"వినబడిందండి."

"లోపల నా కోడలుంది. పుట్టాల్సిన బిడ్డుంది. గుంజ ఊడితే?"

ఆ తర్వాత చాలాసార్లు కూర్చుని ఆ లెక్క వెయ్యాలని చూశాను. గుంజ ఊడి ఉంటే ఏమయ్యేది, తాడు వెయ్యకపోయి ఉంటే ఏమయ్యేది. రెండు వైపులా మనుషులే ఉన్నారు. ప్రతిసారీ మధ్యలో ఆపేశాను. చేసింది తప్పో ఒప్పో నాకిప్పటికీ తెలియదు. ఆ క్షణాన మాత్రం నేను ఏదీ ఆలోచించలేదన్నది తెలుసు. అది నాకు గర్వంగా లేదు, భయంగా ఉంది.

"తెలీదండి," అన్నాను.

ఆయన వంగిన గుంజ వైపు ఇంకోసారి చూశాడు. "మళ్ళీ అలా సెయ్యకు," అన్నాడు. లేచాడు. గుమ్మం దగ్గర ఆగి, గొంతు తగ్గించి, "ముసలావిడ ఎలాగుంది?" అన్నాడు.

"తింటున్నారండి. మాట్లాడడం లేదు."

మర్నాడు ఆయన పంపిన పలకలు పడవలో వచ్చాయి. ఎవరు పంపారో పడవవాడు చెప్పలేదు. తాతారావుగారి గోడ పలకలకు ఉండే ఆకుపచ్చ రంగు నాకు తెలుసు.

అదే కార్తె, వాన

అచ్చాయమ్మగారు మా ముందుగదిలోనే ఉంటున్నారు. చెల్లెలికి కబురు పంపాం. వాతావరణం కుదుటపడ్డాక వచ్చి తీసుకెళ్తానంది. వెళ్తారో లేదో తెలియదు. ఆవిడ పగలంతా కిటికీ దగ్గర కూర్చుని దక్షిణం వైపు నీళ్ళను చూస్తుంటారు. తాయారు ఏం అడిగినా తల ఊపుతారు. తాయారు ఇంటి వాయిదాలో సగం నా జీతంలోంచి కడతానన్నాను. "ఆలోచించుకోండి," అంది నవ్వుతూ. ఆలోచించకుండానే కట్టాను.

ఇవాళ పొద్దున వాన పట్టుకుంది. నేను వంటగదిలో టీ పెట్టుకుంటున్నాను. టప్‌మని మెడ మీద ఒక చుక్క పడింది. తల ఎత్తితే ఇంకోటి కంట్లో పడింది. కప్పు పలకల సందులోంచి సన్నని ధార కారుతోంది, సరిగ్గా పొయ్యి మీదికి. నాకు ఒళ్ళు మండింది. ఇంత డబ్బు పోసి ఉంటున్న ఇల్లు ఇలాగేనా ఉండేది?

"అచ్చాయమ్మగారూ!" అని గట్టిగా కేకేశాను. "వంటింట్లో కప్పు కారుతోందండి! ఎవరినైనా పంపించి బాగుచేయించండి! ఇలాగైతే ఎలా ఉండమంటారు?"

తాయారు తెర పక్కకు జరిపి నావైపు వింతగా చూసింది. అప్పుడు ముందుగదిలోంచి వినిపించింది నవ్వు. మొదట దగ్గులా వచ్చింది, తర్వాత ఆగలేదు. తన ఇల్లు మునిగాక అచ్చాయమ్మగారు నవ్వడం అదే మొదలు. కిటికీ దగ్గర్నుంచి లేచి, కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ వంటగది గుమ్మంలోకి వచ్చారు.

"నాకెందుకు చెప్తావు బాబూ?" అన్నారు. "ఓనరువి నువ్వు. ఎక్కు పైకి. ఎక్కడ పూడ్చాలో నేను కిందనుంచి చెప్తాను."

నిచ్చెన తాయారు పట్టుకుంది. ఎక్కాను.